అనుభవ పత్రము

ధ్యాన భాగములు: యెహోషువ 9వ అధ్యాయము, 1 సమూయేలు 17వ అధ్యాయము, రోమా పత్రిక 16వ అధ్యాయము, మొదటి వచనములు

మన పల్లె సంఘములలో ఒక ఆడబిడ్డ నర్సు పరీక్షలో గెలిచి వచ్చినదంటే ఆ ఆదివారము ఆరాధనలో కృతజ్ఞత కానుక వేయుదురు. తండ్రి చలువ చొక్కా తొడుగుకొని ముందు వరుసలో కూర్చుండును. తల్లి కొంగుతో కన్నులు ఒత్తుకొనును. పెద్దలలో ఒకరు లేచి ప్రార్థన చేయుదురు, పాస్టరుగారు బిడ్డ తలమీద చేయి ఉంచుదురు, అందరును ఇండ్లకు పోవుదురు. మన వంతు పని అంతటితో తీరినదని తలంచుచున్నాము. అయితే మరుసటి సోమవారమునుండి ఆ బిడ్డకు ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. దానిని గూర్చి ఏ ప్రసంగపీఠమునుండియు మేము వినియుండలేదు. మేమును ఎన్నడు ప్రసంగించియుండలేదు. అందుచేత ఈ నెల ఈ పుటలో దానినే వ్రాయ తలపెట్టితిమి.

ఆ ప్రశ్న రెండే మాటలు: "అనుభవం ఎంత?"

2023వ సంవత్సరము వర్షకాలములో మెదకు ప్రాంతపు పల్లెనుండి ఒక తండ్రి మాయొద్దకు వచ్చెను. కూలినాలి చేసికొనుచు, రెండెకరములు కౌలుకు దున్నుకొనువాడు. కుమార్తె మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువు ముగించి ఏడాది దాటినది. ఫలితములు ఆలస్యము, రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు ఆలస్యము, నడుమ తల్లికి జబ్బు. ఆ విధముగా సంవత్సరము కరగిపోయినది. ఇప్పుడు పట్నములో పనికొరకు తిరుగుచున్నది. "అయ్యగారూ, రెండు నెలలాయె. పోరి ఒక్కతే తిరుగుతున్నది, నౌకరి దొరుకుతలేదు. మీరొక్కసారి తోడు వస్తె మంచిగుంటది" అని ఆయన అడిగెను. చదువు నిమిత్తము ఆయన చేసిన అప్పు 1,50,000 రూపాయలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అనగా అసలులో పైస తీరకుండ నెలకు 4,500 రూపాయలు వడ్డీకే పోవలెను. ఈ లెక్కను చదువరులు మనస్సులో ఉంచుకొనవలెను. ఇది లేకుండ నీతిని గూర్చి మాటలాడుట మావంటి జీతగాండ్రకు మిక్కిలి సులభము.

అఫ్జల్‌గంజిలో సిటీ బస్సు ఎక్కి, మూసీ దాటి, బహదూర్‌పురాలో దిగితిమి. మన సండేస్కూలు పిల్లలు బస్సు కట్టించుకొని పోయి పులులను చూచివచ్చు జూ పార్కు అక్కడిదే; అది 1963లో తెరువబడినది. ప్రక్కనే మీర్ ఆలం చెరువు, రెండు వందల యేండ్లు దాటిన దాని కట్ట, ఆ కట్టకు వరుసగా 21 కమానులు. చూడదగినదే గాని ఆ దినము మాకు చూచుటకు మనస్సు లేకపోయెను. 2022లో తెరచిన ఫ్లైఓవరు క్రింద ఆటోలు, పండ్ల బండ్లు, ఇరానీ చాయ్ హోటళ్లు. జనము ఎక్కువ, ఇండ్లు ఇరుకు, వాడుక భాష ఉర్దూ. అక్కడి స్త్రీలలో అనేకులు మగవానిచేత సూది వేయించుకొన ఇష్టపడరు. కావున మందుల దుకాణముపై మేడలో పది పదిహేను మంచములు వేసి నడుపు చిన్న ఆసుపత్రులలో ఆడ నర్సుకు గిరాకి యుండును. పెద్ద ఆసుపత్రులలో గడప తొక్కనీయరు గాని అక్కడ క్రొత్తవారినికూడ తీసికొందురని తోటి పిల్లలు ఆమెతో చెప్పిరట.

మొదటి చోట గుమస్తా తల ఎత్తకయే "ఫ్రెషర్లు వద్దమ్మా" అనెను. రెండవ చోట మూడు నెలలు జీతము లేకుండ చేయవలెననియు, అసలు సర్టిఫికెట్లు వారియొద్ద ఉంచవలెననియు, నడుమ మానినయెడల సొమ్ము కట్టి విడిపించుకొనవలెననియు చెప్పిరి. ఆ తండ్రి తాకట్టు సంగతి బాగుగా ఎరిగినవాడు. "ఎద్దునైతె తాకట్టు పెడుతం. బిడ్డనెట్ల పెడుతం?" అని మెల్లగా అని లేచెను.

మూడవ చోట మేనేజరు మర్యాదస్థుడు. మాకు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించెను. ఏడాది అనుభవమున్నట్లు కాగితము తెచ్చినయెడల నెలకు 18,000 ఇత్తుమనియు, రాత్రి డ్యూటీ యనియు చెప్పెను. "ఈ బిడ్డ ఇంతవరకు ఎక్కడను పనిచేయలేదు గదా" అంటిమి. ఆయన నవ్వి, "నేను కాగితం అడుగుతున్నా, పెద్దాయనా. తనిఖీకి వస్తె ఫైలులో ఉండాలె" అనెను. ఎక్కడ దొరకునో కూడ ఆయనయే సెలవిచ్చెను. వీధి చివర జిరాక్సు దుకాణములోని యువకుడు ధర చెప్పెను: మూడు వేలు. మరియొక ఊరి ఆసుపత్రి పేరు, ముద్ర, సంతకము. ఎవరైన ఫోను చేసి విచారించినయెడల "అవును, మాయొద్ద చేసినది" అని చెప్పు ఏర్పాటు సహితము ఆ మూడువేలలోనే చేరియున్నదట.

చాయ్ హోటలులో కూర్చుంటిమి. ఆ బిడ్డ చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నా దోస్తు పోయిన నెల తెచ్చుకున్నది అయ్యగారూ. అదే బస్తీల పని చేస్తున్నది. నేనేం చేయాలె?" అని అడిగెను. తండ్రి మావైపు చూడక గ్లాసువైపు చూచుచుండెను.

అబద్ధమాడవద్దని వెంటనే చెప్పియుండవచ్చును. నోటి చివరి వరకు వచ్చినది. 4,500 రూపాయల వడ్డీ జ్ఞాపకము వచ్చి మాట ఆగిపోయెను. "ఊరికి పోయి పెద్దలతో ఆలోచింతము" అంటిమి. అది జ్ఞానమువలన పలికిన మాట కాదు, పిరికితనమువలన పలికినది. అయినను దానివలన మేలు కలిగెను.

పెద్దల కూటములో మేము అనుకొన్నట్లు జరుగలేదు. ఆ కాగితము తప్పని ఒక్కరును వెంటనే చెప్పలేదు. ఒకరు, ఆ బిడ్డ చదువులో కడపటి ఆరు నెలలు వార్డులలో పనిచేయుటయే గదా, రాత్రి డ్యూటీలుకూడ చేసినది గదా, కావున అది పూర్తిగా అబద్ధము కానేరదనిరి. ఇంకొకరు, అడిగినవానికిని తెలియును, ఇచ్చినవానికిని తెలియును, అందరికిని తెలిసినప్పుడు మోసపోయినది ఎవరని అడిగిరి. మూడవవారు ఫరోను తెచ్చిరి. గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క మాత్రము తగ్గరాదన్న రాజువంటివారు వీరు. అందరును అనుభవమే అడిగినయెడల మొదటి అనుభవము ఎవరిత్తురు? న్యాయము లేని గడపను దాటుటకు వంగవలసివచ్చినయెడల ఆ వంగుట పాపమా?

నాలుగవవారు మా అందరిలో బైబిలు ఎక్కువగా చదివిన పెద్ద. ఆయన నిర్గమకాండము మొదటి అధ్యాయము తీసెను. షిఫ్రా, పూయా అను హెబ్రీ మంత్రసానులు ఫరోతో ఆడిన మాట నిజము కాదు. మగశిశువులను ఏల బ్రదుకనిచ్చితిరని రాజు అడుగగా, మేము చేరకముందే కాన్పులైపోవుచున్నవని చెప్పిరి. దేవుడు వారిని శిక్షింపలేదు సరిగదా, వారికి మేలు చేసి వారి యిండ్లను నిలిపెను. "నర్సులే గదా వాండ్లు. మరి ఈ పోరికెందుకు తప్పు?" అని ఆయన అడిగెను.

ఇన్ని సంవత్సరములలో పెద్దల కూటములో మేము విన్న ప్రశ్నలలో ఇంత బలమైనది మరియొకటి లేదు. చిన్న జవాబుతో దానిని దాటిపోవుట వాక్యమునుకూడ చిన్నచేయుటయే. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ అధ్యాయమును చదివితిమి. దానితో యెహోషువ తొమ్మిదవ అధ్యాయమునుకూడ చదివితిమి. గిబియోనీయులు పొరుగువారే. అయినను దూరదేశమునుండి వచ్చినట్లు నటించుటకై పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు వెంట తెచ్చుకొనిరి. ఈనాటి మాటలో చెప్పవలెనంటే అనుభవ పత్రము తెచ్చుకొనిరి. నడువని దూరమును నడిచినట్లు చెప్పులచేత సాక్ష్యమిప్పించిరి. వారికిని ప్రాణభయమే, దురాశవలన చేసినది కాదు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలను చేతపట్టుకొని చూచిరే గాని యెహోవాయొద్ద విచారణ చేయలేదు. ఆ తప్పు గిబియోనీయులది మాత్రమే యని ఆ అధ్యాయము చెప్పుటలేదు. కాగితము చాలునన్న మేనేజరుగారిని మేము ఆ పెద్దల వరుసలోనే చూచుచున్నాము.

గిబియోనీయుల ప్రాణములు దక్కినవి. అయితే వారు ఎట్టివారో ఇశ్రాయేలు మూడు దినములలోనే ఎరిగెను. అటుపిమ్మట కట్టెలు కొట్టుట, నీళ్లు మోయుట వారికి తరతరముల పనియాయెను. మంత్రసానుల మాటకును వీరి మాటకును భేదమెక్కడ? మాకు ఆ రాత్రి తోచినది ఇది: మంత్రసానులు తమ గర్వముకొరకుగాని జీతముకొరకుగాని పలుకలేదు. బలవంతుడైన రాజుకును, అప్పుడే పుట్టిన శిశువుకును నడుమ నిలిచి, శిశువు పక్షమున పలికిరి. వారి మాటవలన అపాయము కలిగినయెడల అది వారి మెడకే. శిశువుకు కలిగినది రక్షణయే. జిరాక్సు దుకాణపు కాగితమువలన రక్షణ ఎవరికి, అపాయము ఎవరికి? మేనేజరుకు అపాయము లేదు, బిడ్డకు నెల జీతము వచ్చును. గదిలో లేనివాడొకడున్నాడు. మంచముమీద పండుకొన్నవాడు. "అందరికిని తెలిసినప్పుడు" అని మన పెద్ద చెప్పిన ఆ అందరిలో రోగి లేడు.

మరునాడు ఈ సంగతి ఆ తండ్రితోను బిడ్డతోను చెప్పితిమి. వారు విని తల ఊపిరి. కాని మా జవాబులో బలము చాలలేదని మాకే తోచుచుండెను. అది సత్యమే. అయితే ఆకలిగొన్నవానికి సత్యమును చెప్పి ఊరకుండుటను గూర్చి యాకోబుగారు తన పత్రికలో ఏమి వ్రాసెనో మనకు తెలియును.

ఇక్కడ కొంచెము ప్రక్కకు పోయి ఒక సంగతి చెప్పవలెను. మన తల్లుల కాలములో ఈ చిక్కు ఇంతగా లేదు. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు 1898లో ఆసుపత్రి తెరచినారు. ఆమెయు, ఇతర మిషనుల ఆసుపత్రులవారును తెలుగు ఆడపిల్లలకు ఈ పని నేర్పుకొనుచు వచ్చిరి. ఇతరులు తమ బిడ్డలను నర్సు పనికి పంప సిగ్గుపడిన ఆ దినములలో మన పల్లెల పిల్లలే ఎక్కువగా పోయిరి. చదివిన బిడ్డ అనేక పర్యాయములు చదివినచోటనే, అదే మేట్రనుగారి కంటి యెదుట, మొదటి జీతము అందుకొనెను. పని వెదకికొనవలసిన అవసరము అంతగా లేదు. అనుభవమెంతయని అడుగువారే ఆ అనుభవమును దగ్గరుండి చూచినవారు. తరువాత మిషను ఆసుపత్రులు కొన్ని మూతపడినవి, కొన్ని చిక్కిపోయినవి. నర్సింగు పాఠశాలలు మాత్రము బహుగా పెరిగినవి. చదువు ఒకచోట, పని మరొకచోట, నడుమ ఎవరును లేరు. ఆ నడుమ ఉన్న ఖాళీలోనే జిరాక్సు దుకాణము వెలసినది.

సర్కారు కొలువు లేదా యని కొందరడుగుదురు. ఉన్నది. 2022 డిసెంబరు 30న తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు కొలువులకు ప్రకటన వెలువడినది. 2023 ఆగస్టు 2న పరీక్ష జరిగినది. కొలువుల లెక్క పెరిగి, 2024 జనవరి 31న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియములో 6,956 మందికి నియామక పత్రములిచ్చిరి. సంతోషించవలసినదే. అయితే ప్రకటనకును పత్రమునకును నడుమ పదమూడు నెలలు. ఆ పరీక్షలోకూడ నూరు మార్కులలో 80 వ్రాతకు, 20 మార్కులు అంతకుముందు సర్కారు ఆసుపత్రులలో కాంట్రాక్టుమీద పనిచేసినవారికి ఉంచిరి. వారి కష్టమునకు అది తగినదే. క్రొత్త బిడ్డకు మాత్రము అక్కడను అదే ప్రశ్న. జీతముల సంగతియు అట్టిదే. 2016లో సుప్రీము కోర్టు ఆజ్ఞవలన ఏర్పడిన కమిటీ, 50 మంచములకు లోపు ప్రైవేటు ఆసుపత్రిలోకూడ నర్సు జీతము 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫార్సు చేసినది. సిఫార్సు శాసనము కాదు. బహదూర్‌పురాలో మాకు కనబడిన లెక్కలు పైన వ్రాసితిమి.

తిరిగి మా కథకు వత్తము. దావీదు గొల్యాతు ఎదుటికి పోవునప్పుడు సౌలు తన కవచమును, శిరస్త్రాణమును అతనికి తొడిగించెను. దావీదు నడిచి చూచి, అలవాటు లేనివి వద్దని తీసివేసెను. ఈ కథను మనము ఎన్నిమార్లు చెప్పితిమో! కాని దానికి ముందు జరిగిన సంభాషణను తొందరలో విడిచిపెట్టుదుము. సౌలు కూడ అనుభవమునే అడిగెను. వాడు బాల్యమునుండి యోధుడు, నీవు బాలుడవు అనెను. దావీదు తనకు లేని యుద్ధములు చెప్పలేదు, ఊరకుండను లేదు. గొఱ్ఱెలయొద్ద తాను చేసినది చెప్పెను: ఒక సింహము, ఒక ఎలుగుబంటి. చిన్న పద్దు, కాని తన పద్దు.

ఆ బిడ్డయొద్ద ఏమున్నదని అప్పుడు అడిగితిమి. పెట్టె తెరచి రికార్డు పుస్తకములు తీసెను. ఎన్ని కాన్పులు చూచినది, ఎన్ని తాను చేసినది, ఎన్ని కట్లు కట్టినది, ఏ వార్డులో ఎన్ని రాత్రులు ఉన్నది, అన్నియు తారీకులతో సిస్టరుగారి సంతకములతో ఉన్నవి. ఇంతవరకు ఎవరికిని చూపలేదట. ఎవరును అడుగలేదట. అడిగినది కాగితమే గదా.

మేము ఒక ఉత్తరము వ్రాసితిమి. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను గూర్చి పౌలు రోమా సంఘమునకు వ్రాసినది ఎంతటిదో ఆనాడు తెలిసినది. ఆయన ఆమెకు బిరుదులు కట్టలేదు. ఆమె అనేకులకు, తనకును సహాయురాలని తాను ఎరిగినంత వ్రాసి, ఆమెకు కావలసినది చేయుడని అడిగెను. మేమును ఎరిగినంతయే వ్రాసితిమి. ఇన్నేండ్లనుండి ఈమెను ఎరుగుదుము, సెలవులలో ఊరికి వచ్చినప్పుడు ముసలివారి పుండ్లకు కట్లు కట్టెడిది, ఆసుపత్రి ఉద్యోగానుభవము ఈమెకు లేదు. ఆ కడపటి వాక్యము వ్రాయునప్పుడు కలము కొంచెము ఆగినది.

మూడు నెలలు తక్కువ జీతమైనను నిలువగలుగుటకు హాస్టలు ఖర్చు కావలెను. స్త్రీల సమాజములో పిడికెడు బియ్యము అమ్మిన సొమ్ము ఉన్నది. అడిగితిమి. కోశాధికారి యైన అమ్మగారు, అది సువార్తకొరకు ఎత్తినది గాని ఉద్యోగములకొరకు కాదనిరి. ఆమె మాట నియమము ప్రకారము సరియే. వెనుక కూర్చున్న ఒక వితంతువు లేవకుండగనే, "నా కాలు కుళ్లినప్పుడు కట్టు కట్టింది ఆ పోరి. అప్పుడు ఇది సువార్తనా కాదా అని అడగలే" అనెను. కొంత సేపు ఎవరును మాటలాడలేదు. చివరకు అప్పుగా ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అప్పు అను మాట మాకు నచ్చలేదు. బిడ్డకు మాత్రము అదియే నచ్చినది.

నాలుగవ చోట ఆమె ఒంటరిగానే పోయెను. అదియు బహదూర్‌పురాలోనే. అక్కడి డాక్టరమ్మ ముస్లిము స్త్రీ, వయస్సు మళ్లినవారు. ఆమె రికార్డు పుస్తకము ఒక్కొక్క పుట త్రిప్పి చూచి, ఉత్తరమును బిడ్డచేతనే చదివించుకొని, "ఏది చేయరాదో చెప్పు" అని అడిగిరట. బిడ్డ చెప్పినది. జీతము 11,000. మూడు నెలలు రాత్రి ఒంటరిగా ఉంచము, పెద్ద సిస్టరుతో కలిపి వేయుదుము అనిరి. వడ్డీ పోగా, హాస్టలు పోగా మిగులునది సున్న. తండ్రి ముఖము మేము చూడలేకపోతిమి.

రెండవ నెలలో జరిగిన సంగతి ఆ బిడ్డ నోటనే వింటిమి. ఒక రాత్రి చక్కెర వ్యాధిగల ముసలమ్మకు ఇన్సులిను 20 యూనిట్లు వేయవలెను. సీసా ఇంటినుండి కుమారుడు తెచ్చినది. ముసలమ్మ చేయి చాచి, "బేటీ, ధీరే సే లగానా" అని కన్నులు మూసికొనెను. బిడ్డ సిరంజి తీసెను. దానికి ఎఱ్ఱ టోపీ. సీసామీద చూచెను. మన దేశములో ఇన్సులిను రెండు బలములలో దొరకును: ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లుండునది ఒకటి, 100 ఉండునది మరొకటి. 40 దానికి ఎఱ్ఱ టోపీ సిరంజి, 100 దానికి నారింజ టోపీ సిరంజి. ఆ సీసా 100ది. ఎఱ్ఱ టోపీ సిరంజిలో 20 గీతవరకు ఆ మందు లాగినయెడల లోపలికి పోవునది 20 కాదు, 50. నిద్రలోనే చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, ముసలమ్మ మేల్కొనకపోవచ్చును.

"నాకు అప్పుడు ఇదంతా గుర్తుకు రాలే అయ్యగారూ. చదివిన్నే గని గుర్తుకు రాలే. ఏదో అంకె కలుస్తలేదని మాత్రం అనిపించింది. పక్క రూములో సిస్టరమ్మ కునుకు తీస్తున్నది. పోయి లేపిన. తిట్టలే. లేచి వచ్చి సీసా చూసి, ఆ సిరంజి చేతుల నుంచి తీసుకున్నది." ఇంతవరకు చెప్పి కొంచెము ఆగి, "నా ఫైలులో ఏడాది కాగితం ఉంటె లేపకపోదును. ఏడాది చేసినదానివి, ఇది తెల్వదా అంటదని సిగ్గయితుండె" అనెను.

మేము పెద్దల కూటములోను, ఆ రాత్రి దీపముయొద్దను, తొమ్మిదవ ఆజ్ఞను గూర్చి ఆలోచించితిమి, మంత్రసానులను గూర్చి ఆలోచించితిమి. ఈ ఒక్క సంగతి మాకు తట్టలేదు. ఆ కాగితము ఇతరులను మోసగించునని ఎంచితిమే గాని, దానిని తెచ్చుకొన్న బిడ్డనుండి ఏమి తీసికొనిపోవునో చూడలేదు. "నాకు తెలియదు, చూపించండి" అని అడుగుటకు క్రొత్తవారికి ఒక హక్కు కలదు. అది కొన్ని నెలలే ఉండును. ఆ నెలలలో అడిగినవారిని ఎవరును నవ్వరు, అటుపిమ్మట నవ్వుదురు. మూడువేలిచ్చి కాగితము కొన్న బిడ్డ ఆ నెలలను అమ్మివేసినది. ఆమెను మొదటి రాత్రినుండియే ఒంటరిగా వేయుదురు, ఏలయనగా ఆమెకు అన్నియు తెలియునని ఆమెయే వ్రాతమూలముగా చెప్పినది. ఆ మర్యాదస్థుడైన మేనేజరుకు కావలసినదియు అదియే అయియుండవచ్చును. 18,000 రూపాయలకు ఆయన కొన్నది అనుభవము కాదు. ప్రక్కన మరొకరిని ఉంచవలసిన ఖర్చును తప్పించుకొనుట.

అయితే ఇక్కడ నిజము చెప్పవలెను. కాగితము తెచ్చుకొన్న ఆ స్నేహితురాలికి ఏ కీడును జరుగలేదు. ఆమెయు మన సంఘపు బిడ్డయే. 18,000తో మొదలుపెట్టి ఇంటి అప్పు తీర్చినది, తమ్ముని చదివించుచున్నది, మంచి నర్సని పేరుకూడ తెచ్చుకొన్నది. ఇన్సులిను రాత్రి ఆమెకు రాలేదో, వచ్చినను దేవుడు కాపాడెనో, లేక ఆమెయే సిగ్గు విడిచి ఎవరినైన లేపెనో మేమెరుగము. మా బిడ్డ తండ్రికి ఇంకను కొంత అప్పు మిగిలియే యున్నది. ఈ రెండు కుటుంబములు ఆరాధనలో ఒకే చాపమీద కూర్చుండును.

నిరుడు క్రిస్మసు దినములలో ఆ స్నేహితురాలు మా యింటికి వచ్చెను. కేకు తెచ్చి బల్లమీద పెట్టి, చాలసేపు కూర్చుండెను. విదేశమునకు దరఖాస్తు పెట్టుచున్నదట. అక్కడివారు మూడేండ్ల అనుభవము అడుగుచున్నారు. నిజముగా చేసినది రెండేండ్లు దాటినది. పాత కాగితపు ఏడాది కలిపినయెడల మూడు నిండును. "వాళ్లు ఆ ఆసుపత్రికి రాసి అడుగుతరు అయ్యగారూ. అడిగినా వాళ్లు అవునంటరు. పట్టుబడతనన్న భయం లేదు. కని ఇప్పుడు నాకు నిజంగనే పని వచ్చు. ఆ కాగితం చూస్తె నేను చేసిన ఈ రెండేండ్లు కూడ దొంగవే అనిపిస్తున్నయి. అది చింపెయ్యాల్నా?"

చింపినంత మాత్రమున తీరదనియు, దరఖాస్తులో నిజమైన సంవత్సరములే వ్రాయవలెననియు చెప్పితిమి. ఇంకొక ఏడాది ఆగవలసివచ్చును గదా యని ఆమె అనెను. అవునంటిమి. ఆ ఏడాదిలో తమ్ముని ఫీజు ఎవరు కట్టుదురని ఆమె అడుగలేదు. అడుగకపోవుటయే మమ్మును ఎక్కువగా బాధించినది. స్త్రీల సమాజపు కోశాధికారి అమ్మగారితో మాటలాడి చూతుమంటిమి. ఆమె కేకు డబ్బా మూత పెట్టి, చెప్పులు తొడుగుకొని, సాయంత్రపు బస్సుకు బహదూర్‌పురాకు పోయెను. దరఖాస్తుకు గడువు అప్పటికి ఇంకను పదునైదు దినములుండెను. ఏమి వ్రాసినదో ఆమె మాకు తెలుపలేదు, మేమును ఫోను చేసి అడుగలేదు.